మార్కుల్లో నావి ఎన్ని

సెప్టెంబరు 3

ఇవాళ్టి నుంచి నేను పిల్లల మనసులు బాగుచేసే మనిషిని. హెడ్మిస్ట్రెస్ పిలిచి, కుర్చీ చూపించి, టీ తెప్పించింది. ఈవిడ టీ తెప్పించిందంటే ఎవరి నెత్తినో బండ పడబోతోందని పాతికేళ్లుగా నాకు తెలుసు. ప్రతి బడిలోనూ విద్యార్థులకి కౌన్సెలింగ్ ఉండి తీరాలని పైనుంచి కాగితం వచ్చిందట. అసలు కౌన్సెలర్ దొరికేదాకా ఎవరో ఒక టీచరు చూడాలట. టైంటేబులు ముందేసుకుని చూస్తే ఎక్కువ ఖాళీ పీరియడ్లు నావే తేలాయట. అంటే మనసు తెలిసిన మనిషినని కాదు, తీరుబడి ఉన్న మనిషినని.

"మీకు అనుభవం ఉంది కదండీ" అంది. నా అనుభవమంతా త్రికోణమితిలో. పిల్లలు నన్ను చాటుగా మైనస్ మేడం అంటారు, ఆ సంగతి ఆవిడకీ తెలుసు. అయినా అంత సూటిగా మొహంలోకి చూస్తూ అబద్ధం చెప్పగలిగిందంటే హెడ్మిస్ట్రెస్ ఊరికే అవ్వలేదు.

గది కూడా ఇచ్చారు. ఆటసామాన్ల గది. గాలి పోయిన బంతులన్నీ ఒక మూలకి నెట్టి, బల్లా రెండు కుర్చీలూ వేశారు. రబ్బరు కంపు.

సెప్టెంబరు 7

ఒక పూట శిక్షణ. మాలాంటి వాళ్లం ముప్పై మందిమి. నేర్పడానికొచ్చిన అమ్మాయికి నా కూతురి వయసుంటుంది, గొంతు మాత్రం పసిబిడ్డకి జోల పాడుతున్నట్టు. అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, కళ్లు మూయించి, మీ లోపలున్న చిన్నపిల్లని పలకరించండి అంది. నా పక్కనున్న డ్రిల్లు మాస్టరు నిజంగానే ఏడ్చాడు. నా లోపలున్న చిన్నపిల్ల హోంవర్కు పూర్తి చెయ్యలేదు, పలకరించడానికి వీల్లేదన్నాను. ఎవరూ నవ్వలేదు.

నేర్చుకున్నది మూడు ముక్కలు. తీర్పు చెప్పకూడదు. సలహా గబుక్కున ఇవ్వకూడదు. పిల్ల చెప్పింది గది దాటకూడదు, ప్రాణానికి ముప్పుంటే తప్ప. దీనికి ఒక పూట పట్టింది. నేనైతే అయిదు నిమిషాల్లో బోర్డు మీద రాసి పంపించేదాన్ని.

సెప్టెంబరు 10

తలుపు మీద "ఇక్కడ చెప్పింది ఇక్కడే ఉంటుంది" అని రంగు కాగితం అతికించారు. ఆ కాగితం చూసి పిల్లలు బారులు తీరారు. మొదటిరోజు పదకొండు మంది. అందులో తొమ్మిది మందికి డ్రిల్లు పీరియడు ఎగ్గొట్టడమే సమస్య. మిగతా ఇద్దరూ ముక్కు చీదుకుంటూ కూర్చున్నారు. ఏమ్మా అంటే ఏం లేదండీ. ఏం లేకపోతే వెళ్లమ్మా అంటే మళ్లీ ఏడుపు. తల ప్రాణం తోకకొచ్చింది.

మధ్యాహ్నానికి ఉపాయం తట్టింది. ఒక తెల్లకాగితం ఇచ్చి, నీ బాధ లెక్కలా రాయి అన్నాను. పైన "ఇచ్చినవి", కింద "కనుక్కోవలసినది". రెండోది రాయడం రాకపోతే క్లాసుకి పో. సగం మంది అక్కడికక్కడే లేచి పోయారు. చూశారా, బాధ అంటే ఎక్కువ భాగం ప్రశ్న లేకపోవడమే. ఆ జోలపాట అమ్మాయికి ఈ ముక్క తెలుసా?

సెప్టెంబరు 11

ఆరో తరగతి పిల్ల రాసింది: "ఇచ్చినవి: నాకు ఇద్దరు స్నేహితులు. వాళ్లిద్దరూ ఇప్పుడు ఒకరికొకరు స్నేహితులు. కనుక్కోవలసినది: నేను ఎక్కడ." ప్రశ్న సరిగా అడుగు అని ఎర్రసిరాతో రాసి తిరిగిచ్చాను.

టీ వేళ స్టాఫ్ రూములో చదివి వినిపించాను. పేరు చెప్పలేదు. తెలుగు చెప్పే భాషా మాస్టారు నవ్వి నవ్వి చొక్కా మీద టీ ఒలకబోసుకున్నాడు.

సెప్టెంబరు 19

ఇప్పుడు టీ వేళ అయ్యేసరికి అందరూ "నేటి లెక్క ఏమిటండీ" అని అడుగుతున్నారు. పాతికేళ్లుగా ఆ గదిలో నా పక్క కుర్చీ ఖాళీగా ఉండేది, ఇవాళ దానికోసం సైన్సు టీచరూ సోషల్ టీచరూ పోటీ పడ్డారు. పేర్లు చెప్పడం లేదు కాబట్టి తప్పేం లేదు. లెక్కల పుస్తకంలో రాముడి దగ్గర పది పళ్లున్నాయంటే ఆ రాముడెవరని ఎవరైనా వెతుకుతారా?

ప్రింటాయన కూడా సంతకాల పుస్తకం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి వింటూ నవ్వుతున్నాడు. మా ప్రశ్నపత్రాలన్నీ అచ్చయ్యేది ఆయన చేతిలోనే. పెళ్లీ పెటాకులూ లేని మనిషి. అచ్చుగదిలో పనిచేసేవాళ్ల పిల్లలు గానీ చుట్టాల పిల్లలు గానీ ఈ బళ్లో ఉండకూడదని రూలు, అందుకే ఏరి కోరి ఆయన్ని పెట్టారు. నోట్లో నాలుక లేదు. నవ్వడం వచ్చని ఇవాళే తెలిసింది.

సెప్టెంబరు 24

ఇవాళ పదో తరగతి పిల్ల వచ్చింది. క్లాసు ఫస్టు. పోయిన పరీక్షలో నా పేపర్లో తొంభై ఎనిమిది. ఆ పేపరు నేనెంత కష్టంగా ఇచ్చానో నాకు తెలుసు, అందుకే ఆ పిల్ల జవాబుపత్రం నెలరోజులు హ్యాండుబ్యాగులో పెట్టుకు తిరిగాను, కనబడినవాళ్లకల్లా చూపించాను. మా ఆయనకి రెండుసార్లు.

అరచేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంది. కాగితం ఇచ్చాను. చక్కటి రాత, కొట్టివేతల్లేవు. ఉన్నదున్నట్టు ఇక్కడ ఎక్కిస్తున్నాను.

"ఇచ్చినవి:
పరీక్షకి ముందురోజు సాయంత్రం ఒకరు నాకు ప్రశ్నలు తెచ్చి చెబుతారు.
నేను అడగలేదు.
వద్దంటే ఆ పూట వాళ్లు భోజనం చెయ్యరు.
నా మార్కులు చూస్తే ఇంట్లో ఒకరు మంచం మీద లేచి కూర్చుంటారు. మిగతా రోజుల్లో లేవరు.
కనుక్కోవలసినది: నాకు వచ్చిన మార్కుల్లో నావి ఎన్ని."

అరికాలి మంట నెత్తికెక్కింది. నా పేపరు. నేను తలుపు గడియ వేసుకుని, చిత్తుకాగితాలు కూడా చింపేసి తయారు చేసిన పేపరు. ఎవరిచ్చారన్నాను.

"అది ఇచ్చినవాటిలో లేదండీ" అంది.

ఎంత పొగరు. కానీ జవాబు సరిగ్గానే ఉంది, లెక్కలో లేనిది నేనడక్కూడదు. ఇచ్చినా చూడకుండా ఉండు అన్నాను. పక్కన కూర్చుని చదివి వినిపిస్తారండీ, చెవులు మూసుకుంటే ఏడుస్తారండీ అంది. ఏడో తరగతిలో ఒకసారి తప్పిందట, అప్పట్నుంచీ మొదలట. నాకు నిజంగా లెక్కలు వచ్చో రావో తెలియడం లేదండీ, క్లాసులో మీరు బోర్డు మీద వేస్తుంటే నాకే ముందు వస్తుంది, కానీ అది వచ్చినట్టా, ముందే విన్నట్టా అని అడిగింది.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, మీరు ఎవరికీ చెప్పరు కదండీ అంది. చెప్పనన్నాను. ఇక్కడ చెప్పింది ఇక్కడే ఉంటుందన్నాను. నా గొంతు అచ్చం ఆ జోలపాట అమ్మాయి గొంతులా వినిపించి నాకే రోత పుట్టింది.

సెప్టెంబరు 25

రాత్రంతా ఎవరై ఉంటారా అనే. స్టాఫ్ రూములో నేను కాక ఉన్న ఎనిమిది మందిలో ఒకరు. ఇంకెవరి చేతికీ పేపరు చిక్కదు. భాషా మాస్టారి మీదే నా అనుమానం. ఆయన పరీక్షల కమిటీలో ఉన్నాడు, ఆ పిల్లని తెగ పొగుడుతాడు.

అందుకని ఒక పథకం వేశాను. టీ వేళ అందరూ ఉన్నప్పుడు నేటి లెక్క అని ఆ కాగితం పూర్తిగా చదివాను. ఏ క్లాసో చెప్పలేదు, ఆడపిల్లో మగపిల్లాడో చెప్పలేదు. చదువుతూ ఒక్కొక్కరి మొహమే చూస్తూ వచ్చాను. తప్పు చేసినవాడు గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకోకపోతాడా అని. ఒక్కరూ దొరకలేదు. భాషా మాస్టారు కళ్లజోడు తీసి, ఆ చివరి వాక్యం నేనూ రాయలేనండీ అన్నాడు. సైన్సావిడ, అయ్యో మంచం మీద ఎవరో పాపం అంది. సోషలాయన బిస్కట్టు ముంచుకుని తిన్నాడు. ఎనిమిది మొహాల్లోనూ మచ్చ లేదు. గొప్ప నటులు.

ప్రింటాయన ఎప్పటిలా సంతకాలకి వచ్చాడు. పుస్తకం తలకిందులుగా పట్టుకుని ముందుకు చాపాడు. అక్షరం ముక్క రానివాడిలా ఏమిటయ్యా అది, సరిగా పట్టుకో అన్నాను.

సెప్టెంబరు 26

ప్రింటాయన సెలవు పెట్టాడు. ఎనిమిదో తరగతి వర్క్‌షీట్లు బోర్డు మీద రాయాల్సి వచ్చింది. చేతులు నొప్పులు.

సెప్టెంబరు 27

పదో తరగతి పిల్ల రెండు రోజులుగా రావడం లేదు. జ్వరమై ఉంటుంది.

హెడ్మిస్ట్రెస్ పిలిచింది. టీ లేదు. ప్రశ్నపత్రాలు బయటికి పోతున్నాయని మీ దగ్గర రుజువుందట కదా, ఆ కాగితం ఇవ్వండి, పిల్ల పేరు చెప్పండి అంది. భాషా మాస్టారు చెప్పేసినట్టున్నాడు. కడుపులో మాట దాచుకోలేని మనిషి.

ఇవ్వనన్నాను. పిల్ల చెప్పింది గది దాటకూడదని మీరు పంపిన శిక్షణలోనే నేర్పారన్నాను.

"మరి స్టాఫ్ రూములో చదివినప్పుడు ఆ రూలు ఎక్కడికి పోయిందండీ?"

కాగితం చింపేశానన్నాను. చింపలేదు, బ్యాగులోనే ఉంది. పాతికేళ్లలో ఈవిడ ఒక్క తెలివైన మాట అనగా వినలేదు. మొదటిది విన్నాను, అదీ నా మీదే.

సెప్టెంబరు 28

పేరు చెప్పకపోతే చెప్పనట్టే కదా అని మా ఆయన్ని అడిగాను. ఏ విషయమో చెప్పలేదు, ఊరికే అడిగాను. పేపరు పక్కన పెట్టి, విన్నవాడికి పేరు ముందే తెలిసి ఉంటే అన్నాడు.

ఈయనతో మాట్లాడటం నాదే బుద్ధితక్కువ.

సెప్టెంబరు 30

వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. జ్వరం తగ్గిందా అన్నాను. జ్వరం రాలేదండీ అంది.

తర్వాత చెప్పిందంతా నిలబడే చెప్పింది. ప్రింటాయన ఆ పిల్లకి మేనమామ. చుట్టరికం దాచి బళ్లో వేశాడు, రోజూ వేరే వేరే దార్లో వస్తారు, బళ్లో ఒకరినొకరు ఎరగనట్టే ఉంటారు. మంచం మీద ఉండేది వాళ్లమ్మ. బుధవారం సాయంత్రం మావయ్య ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే కూర్చుండిపోయాడట. ఆ కాగితంలో ఏం రాసిందో ఒక్కొక్క ముక్కే అప్పజెప్పాడట. తిట్టలేదట. నేను భోజనం చెయ్యకపోవడం నీకంత కష్టంగా ఉందా అమ్మా అని మాత్రం అడిగాడట. అప్పట్నుంచీ అతను తినడం మానలేదు, రోజూ దాని ఎదురుగా కూర్చుని, అది చూస్తుండగా, కంచం ఖాళీ చేసి చూపిస్తున్నాడట. అది చూడలేకపోతున్నానండీ అంది.

పేరు చెప్పలేదమ్మా అన్నాను.

"ఆయన అక్కడే ఉన్నారు కదండీ. మీరు చూడలేదా?"

చూడలేదు. ఎనిమిది మొహాలు వెతికాను. తొమ్మిదో మొహం ఉందని తట్టనే లేదు. పుస్తకం సరిగా పట్టుకోమని కసిరాను కూడా.

అక్టోబరు 1

నేను పేరు చెప్పలేదు.

అక్టోబరు 3

ప్రింటాయన తనంత తానే హెడ్మిస్ట్రెస్ గదిలోకి వెళ్లి, పేపర్లు నా అజాగ్రత్త వల్లే బయటికి పోయాయండీ, ఎవరు తీశారో తెలీదండీ, ఉద్యోగం వదిలేస్తున్నానండీ అని రాసిచ్చాడు. పంతొమ్మిదేళ్ల సర్వీసు. పిల్ల ఊసెత్తలేదు. ఆవిడ తృప్తిగా ఫైలు మూసింది. మధ్యాహ్నం నాకు టీ పంపింది. మీ కౌన్సెలింగు వల్ల ఒక పెద్ద లొసుగు బయటపడిందండీ, పైకి రాస్తున్నాను అంది.

మెట్ల దగ్గర ఎదురయ్యాడు. టిఫిను డబ్బా, గొడుగు, గోడ మీది క్యాలెండరు చుట్టి చంకలో పెట్టుకున్నాడు. నన్ను చూసి పక్కకి ఒదిగి దారి ఇచ్చాడు, ఇన్నేళ్లూ ఇచ్చినట్టే. నేను ఆగాను.

"పిల్ల పేరు అడిగినా మీరు చెప్పలేదటండీ. మీ మేలు మర్చిపోను" అన్నాడు.

వెటకారం చేసినా బావుండేది. నిజంగానే అన్నాడు. చేతులెత్తి దణ్ణం పెడదామంటే చంకలో క్యాలెండరు అడ్డం వచ్చింది.

టీ వేళ అందరూ నేటి లెక్క ఏమిటండీ అన్నారు. లేదన్నాను. ఏం, పిల్లలందరూ బాగుపడిపోయారా అని సోషలాయన నవ్వాడు. ఆ నవ్వు ఇన్నాళ్లూ నాకు అంత ఇంపుగా ఎలా వినబడిందో. పిల్లల కాగితాలు చదివేటప్పుడు నా మొహమూ అలాగే ఉండేది కాబోలు.

అక్టోబరు 5

వాళ్ల ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. రెండో అంతస్తు, వరండాలో బట్టలు ఆరేసే తీగ, ఆ తీగ కింద నుంచి వంగి లోపలికి పోవాలి. ఒకటే గది, వెనకాల చిన్న వంట వసారా. కిటికీ దగ్గర మంచం. ఆ పక్క గోడంతా పిల్ల జవాబుపత్రాలే, పిన్నులతో గుచ్చి. మధ్యలో నా తొంభై ఎనిమిది, నా ఎర్రసిరా సంతకం. నెలరోజులు బ్యాగులో తిప్పి పిల్లకి తిరిగిచ్చిన ఆ కాగితమే. ప్రింటాయన పని వెతుక్కోవడానికి వెళ్లాడట. పిల్ల నన్ను చూసి మంచినీళ్లు తెచ్చింది, పరాయివాళ్లకి తెచ్చినట్టు.

లెక్కల మేడం అని చెప్పగానే వాళ్లమ్మ మోచేతి మీద బరువు వేసి లేవడం మొదలుపెట్టింది. వద్దమ్మా పడుకోండి అంటే వినలేదు. లేచి కూర్చునేసరికి ఆవిడకి చెమట పట్టింది. మా అమ్మాయి ఎలా చదువుతోందండీ అని అడిగింది.

పిల్ల నీళ్ల గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పాతికేళ్లలో ఎన్ని వందల మంది తల్లులు నన్ను ఈ మాట అడిగారో. నోటికొచ్చింది చెప్పి పంపేశాను, సగంసార్లు ఏ పిల్లో కూడా చూడకుండా. ఇవాళ గోడ మీది కాగితాల వైపు చూశాను. చివరికి, లెక్క అడగడం మీ అమ్మాయికి వచ్చినంత బాగా ఇంకెవరికీ రాలేదండీ అన్నాను. ఇది అబద్ధం కాదు. ఆవిడకేం అర్థమైందో, తల ఊపి నవ్వింది.

బయటికొచ్చాక బ్యాగులోంచి ఆ "ఇచ్చినవి" కాగితం తీసి పిల్లకిచ్చేశాను. నాలుగు మడతలు పెట్టి లంగా బొడ్లో దోపుకుంది. క్షమించమని అడిగాను. పాతికేళ్లలో ఒక విద్యార్థిని ఆ మాట అడగడం ఇదే మొదటిసారి, నోరు తిరగలేదు, రెండుసార్లు అనాల్సి వచ్చింది. పిల్ల తీగ మీది బట్టలు తీసి మడతపెట్టసాగింది. ఆ గడుసుతనానికి కోపం రావాలి నాకు, రాలేదు.

అర్ధసంవత్సర పరీక్షలకి ఇంకా వారముంది. భయంగా ఉందండీ, ముందు చెప్పేవాళ్లు లేకుండా ఎప్పుడూ రాయలేదు, ఏమీ రాకపోతే అమ్మకి ఏం చూపించాలి అంది. సోమవారం బడి వదిలాక గదికి రా, నీ ఎదురుగానే నీ ఒక్కదానికే పేపరు రాస్తాను, ఈ లోకంలో ఇంకెవరూ చూసి ఉండరు అన్నాను. సరేనండీ అంది.

అక్టోబరు 7

వస్తుందనుకోలేదు. వచ్చింది. మేనమామకి ఎక్కడో పుస్తకాలు బైండు చేసే చోట పని దొరికిందని, అక్కడ కూడా కాగితాల పనే అని చెప్పింది. అంతవరకే.

ఎదురుగా కూర్చుని తెల్లకాగితం మీద పేపరు రాశాను. పద్దెనిమిది ప్రశ్నలు. నా చేతిరాత ఇంత ఘోరంగా ఉంటుందని నాకు తెలీదు. చివరి రెండూ నేనే తడుముకున్నాను. జాలిపడి తేలిక చెయ్యలేదు. ఆ పిల్లని ఇంకొకసారి అవమానించే హక్కు నాకు లేదు.

రెండున్నర గంటలు రాసింది. నేను బంతుల పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను, తల తిప్పి గోడ వైపు చూస్తూ. మొదటి గంట పెన్ను ఆగకుండా నడిచింది. తర్వాత ఆగింది. చాలాసేపు. గోళ్లు కొరుకుతున్న చప్పుడు. ఏదైనా అనాలని నోటిదాకా వచ్చింది, సైగ చెయ్యాలనిపించింది, నా జీవితంలో ఏ విద్యార్థికీ చెయ్యని పని. నోరు మూసుకుని కూర్చున్నాను. మళ్లీ పెన్ను కదిలింది. కొట్టివేతలు, గీతలు, మళ్లీ మొదలు. ఆ పిల్ల కాగితంలో కొట్టివేతల చప్పుడు నేను వినడం ఇదే మొదటిసారి.

అయిందండీ అంది. మొహం ఎర్రగా కందిపోయింది, ఒక చేతికి సిరా. ఇంతకు ముందు ఏ పరీక్షలోనూ అలా చూడలేదు దాన్ని. ఎర్రపెన్ను మూత తీసి చెయ్యి చాపాను.

ఇవ్వలేదు. నా ప్రశ్నపత్రం కూడా తీసుకుని, జవాబులతో కలిపి మడిచి సంచిలో పెట్టుకుంది.

"నేనే దిద్దుకుంటానండీ."

నేను దిద్దితే సరిగ్గా తెలుస్తుంది కదమ్మా అన్నాను. ఉన్నవి ఉన్నట్టే వేస్తాను, ఒక్క మార్కు కూడా ఎక్కువ వెయ్యనన్నాను. తక్కువ వస్తే ఎవరికీ చెప్పననీ అన్నాను.

సంచి భుజానికి తగిలించుకుంది. కోపంగా లేదు. చిన్నపిల్లలకి చెప్పినట్టు నెమ్మదిగా, మర్యాదగా చెప్పింది.

"మీరు చెప్పేస్తారండీ."

వెళ్లిపోయింది. దానికి ఎన్ని వచ్చాయో నాకు తెలీదు.